పొగ లేని నిప్పుతోనే ముప్పు

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ మాటను తిరగేసి, పొగ రావడం లేదు కదా, ఇక నిప్పుతో భయమేమిటని అనుకుంటేనే చిక్కు. పొగ వస్తే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, లేచి తలుపు తీస్తాం. ఎర్రగా కణకణలాడే బొగ్గుల కుంపటికి పొగ ఉండదు. వెచ్చగా, హాయిగా ఉంటుంది. తలుపు మూసి పడుకుంటాం. ముప్పంతా అక్కడే ఉంది.

అనంతపురం సీమ అంటే అందరికీ ఎండలూ, కరువూ గుర్తుకొస్తాయి. చలి ఎవరికీ గుర్తురాదు. గోరంట్ల వైపు వెళ్లి చూడండి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారింది గానీ చలి మారలేదు. మబ్బులు పట్టని ఆ మిట్టనేలల్లో పగటి వేడి రాత్రికి నిలవదు. కార్తీకం వెళ్లిందంటే తెల్లవారుజామున గొంగడి వదలబుద్ధి కాదు. అయినా ఇంట్లో ఒక మనిషి మాత్రం లేవాల్సిందే. అందరికంటే ముందు లేచి నీళ్లపొయ్యి రాజేయాల్సింది ఆ ఇంటి ఇల్లాలే కదా!

గ్యాసు వచ్చింది, ఇక కట్టెలపొయ్యి గోల ఎందుకని పట్నంలో ఉన్న అక్కచెల్లెళ్లు అడగవచ్చు. నిజమే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 వచ్చాయి. వంటింట్లో పొగ చాలా ఇళ్లలో తగ్గింది. కానీ నలుగురున్న ఇంట్లో స్నానాలకు నీళ్లు కూడా గ్యాసు మీదే కాచాలంటే సిలిండరు ఎన్నాళ్లు వస్తుంది? అందుకే వంటింట్లోంచి వెళ్లిపోయిన కట్టె స్నానాల గదిలోకి చేరింది. చేనిగట్టున కొట్టుకొచ్చిన కంప, కందికట్టె, మల్బరీ కట్టె నీళ్ల అండా కిందికి పోతాయి. పైసా ఖర్చు లేదంటారు. ఇల్లాలి ఊపిరికి లెక్క కట్టేదెవరు?

ఇవిగాక చలికాలంలో ఇంకో రెండు నిప్పులున్నాయి. ఒకటి బాలింత గదిలో కుంపటి. గాలి తగిలితే తల్లికి వాతం చేస్తుందని, బిడ్డకు జలుబు చేస్తుందని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి మరీ కుంపటి పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రెండోది పట్టుపురుగుల షెడ్డులో బొగ్గుల పొయ్యి. చిన్న పురుగులకు 27, 28 డిగ్రీల వెచ్చదనం కావాలి. చలి రాత్రుల్లో అది తగ్గకుండా చూసుకుంటూ షెడ్డులోనే కునుకు తీసేదీ చాలాచోట్ల ఆడవాళ్లే.

ఈ మూడు నిప్పులకూ దోషం ఒకటే. మూసిన గదిలో గాలి చాలక కట్టె గానీ బొగ్గు గానీ సగం సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, తల తిరగడం, ఆ పైన మగత. నిద్రలో ఉన్నవాళ్లకు ఇవేవీ తెలియనే తెలియవు. గర్భిణులకూ, పసిబిడ్డలకూ ఇంకా ప్రమాదం. మెలకువగా ఉన్నవాళ్లు తల పట్టుకుని లేస్తే దిష్టి తగిలిందనో, పైత్యం చేసిందనో అనుకుంటాం. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే అది దిష్టి కాదమ్మా, కుంపటి!

అలాంటప్పుడు ముందు తలుపులు బార్లా తీయాలి. మనిషిని ఆరుబయటికి తేవాలి. 108కి ఫోన్ చేయాలి. నిమ్మరసం, సోడా అంటూ ఆ గదిలోనే కూర్చోబెట్టకూడదు.

మరి పొగ వచ్చే నిప్పు మంచిదా అంటే అదీ కాదు. అది నెమ్మదిగా చేసే హాని. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 412 ఇళ్లలో గాలిని కొలిచిన ఒక పరిశోధన 2004లో వెలువడింది. గ్యాసు వాడే ఇళ్లలో సన్నని ధూళి ఘనపు మీటరుకు సగటున 73 మైక్రోగ్రాములుంటే, కట్టె, పిడక వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. అందులో ఎక్కువ భాగం పీల్చేది పొయ్యి ముందు కూర్చునే మనిషే. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అలాగని రేపటి నుంచి కట్టె మానేయమని చెప్పడం సుఖంగా కూర్చున్నవాళ్ల సలహా అవుతుంది. వాడక తప్పనప్పుడు పద్ధతిగా వాడుకుందాం.

నీళ్లపొయ్యి స్నానాల గదిలో కాకుండా బయట, గోడ పక్కన రేకు కిందికి మారిస్తే సగం సమస్య తీరుతుంది. లోపలే ఉంటే పొగగొట్టం ఉండి తీరాలి. అది కప్పుకు రెండు మూడు అడుగులు పైకి లేవాలి. గొట్టం బోదకప్పును తాకకుండా చుట్టూ ఖాళీ వదలాలి. నెలకోసారి పొయ్యి చల్లారాక గొట్టంలో మసి దులపాలి. మసి పేరుకుంటే పొగ వెనక్కి తంతుంది, ఒక్కోసారి ఆ మసే అంటుకుంటుంది.

రాగి బాయిలరున్నవాళ్లు ముందు నీళ్లు పోసి ఆ తర్వాతే నిప్పు వేయాలి. ఖాళీ బాయిలరు కాలితే అతుకులు ఊడిపోతాయి. ఆవిరి పోయే దారిని మూతలతో, గుడ్డలతో బిగించకూడదు. మన బోరునీళ్లకు లోపల సున్నం పొర కడుతుంది. అది పెరిగేకొద్దీ కట్టె ఎక్కువ కాలుతుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. అప్పుడప్పుడు చింతపండు నీళ్లు పోసి నానబెట్టి కడిగేయండి.

పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్లే. అది మండదు, పొగ చిమ్ముతుంది. చీల్చి, వానకు తడవకుండా ఆరేసిన కట్టెనే వాడండి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖణేల్మనాలి. ప్లాస్టిక్ కవర్లు, టైరు ముక్కలు, రంగు వేసిన చెక్కలు పొయ్యిలో వేయొద్దు. పెట్రోలు, కిరోసిన్ చల్లి రాజేయొద్దు. కొంగు నడుముకు బిగించాలి. నైలాన్ చీర నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. బూడిద కింద నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. దాన్ని దిబ్బలో, గడ్డివామి పక్కన పారబోయకుండా ఇనుప బొచ్చెలో పోసి నీళ్లు చల్లి మూత పెట్టండి. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు చన్నీళ్ల ధార కింద పెట్టాలి. పేస్టు, సిరా పూయకూడదు.

బాలింత గదిలో మాత్రం కుంపటి వద్దే వద్దు. బిడ్డకు టోపీ, మేజోళ్లు తొడిగి, తల్లి గుండెకు ఆనించి ఒకే దుప్పటి కప్పితే అంతకంటే వెచ్చదనం ఏ బొగ్గూ ఇవ్వదు. పట్టుపురుగుల షెడ్డులో బొగ్గు తప్పకపోతే వెంటిలేటర్లు తెరిచే ఉంచాలి. వచ్చి చూసి పోవాలి గానీ అక్కడ పడుకోకూడదు.

ఇవన్నీ కొత్త సంగతులు కావు. పొగగొట్టమున్న మట్టి పొయ్యిని 1950లలోనే హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు గారు తయారుచేశారు. గోరంట్లకు దగ్గరలోనే ఉన్న బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో 1974లో మొదలైన ‘అస్త్ర’ విభాగం వాళ్లు తక్కువ కట్టెతో ఎక్కువ వేడినిచ్చే పొయ్యిని రూపొందించారు. పొగలేని పొయ్యిల జాతీయ పథకం 1983లో మొదలై 2002లో ఆగిపోయింది. లక్షల్లో పొయ్యిలు కట్టారు. గొట్టం పగిలితే బాగుచేసే మనిషి లేక వాటిలో ఎన్నో మూలన పడ్డాయి. ఏ ఎత్తున కావాలి, ఏ గిన్నె పెడతావని పొయ్యి దగ్గర కూర్చునే ఆడమనిషిని అడిగినవాళ్లు తక్కువ.

ఇంట్లో మాత్రం అడుగుతున్నారా? బోరు వేయడానికి అప్పు పుడుతుంది. మోటారు కాలిపోతే ఆ పూటే మనిషి వస్తాడు. నీళ్లపొయ్యికి గొట్టం వేయించమంటే మాత్రం "వచ్చే ఏడు చూద్దాంలే!" ఆ వేడినీళ్లు ఇంటిల్లిపాదీ పోసుకుంటారు. పొగ మాత్రం ఒక్కరే మింగాలి. ఇదెక్కడి న్యాయం?

ఈ చలికాలం రాకముందే అడగండి. బతిమాలుకుంటూ కాదు, మోటారు రిపేరు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పండి. పొదుపు సంఘంలో కూర్చున్నప్పుడు ఈ మాట కూడా లేవనెత్తండి. పది ఇళ్లు కలిస్తే మేస్త్రీ ఒక్కరోజులో వచ్చి గొట్టాలన్నీ బిగించిపోతాడు. అందాకా ఈ రాత్రి చేయగలిగిన పని ఒకటుంది. కుంపటి బయట పెట్టి, కిటికీ సందులోని గుడ్డ తీసేసి పడుకోండి.