మన నాన్నల నడుముకి ఏ కొక్కెం?

మన నాన్నలు వెదురు గడ ఆసరాతో జీలుగు చెట్టెక్కితేనే మనం హాస్టల్‌దాకా వచ్చాం. ఈ పండక్కి వాళ్లకి తాడు, కొక్కెం కొందామనుకుంటున్నాం. కానీ బ్యాగుకి తగిలించే కొక్కెం మనిషిని ఆపదు. కారబైనర్ మీద కనీసం 20 కేఎన్ ముద్ర ఉండాలి, అంటే సుమారు రెండు టన్నుల లాగుడు. దానంతటదే లాక్ పడాలి. బరువు దాని పొడుగునే పడాలి, అడ్డంగా కాదు. చెట్టు చుట్టూ వేసే ల్యాన్‌యార్డ్ లోపల ఉక్కు తీగ ఉంటే కత్తి తగిలినా తొందరగా తెగదు.

2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జీలుగు ఎక్కే మనోళ్లకీ ఇమ్మని అడగాల్సిందే. అప్పటిదాకా చవకవి నాలుగు వద్దు, నలుగురం కలిసి మంచిది ఒకటి కొందాం.