వెలుగు వెనక ఉందని మొహం మసకబారాలా?

మన సంఘంలో ఈ మధ్య ఒక మంచి సాకు దొరికింది. పెద్దవాళ్ళ ఫోటో మసకగా వస్తే "బ్యాక్‌లైట్ కదండీ, అంతే వస్తుంది" అనేస్తున్నారు. వార్షిక సంచిక కోసం వచ్చిన ఫోటోలు చూస్తుంటే ఈ మాట మీద మాకు కోపమే వస్తోంది. అవ్వ జుట్టు చుట్టూ బంగారు అంచు మెరుస్తోంది. తలుపు అవతల వీధిలో ఆపిన స్కూటరు నంబరు కూడా చదవొచ్చు. గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతున్న అవ్వ కళ్ళు మాత్రం కనబడవు. దానికి గ్రూపులో లైకుల మీద లైకులు, "భలే ఆర్టిస్టిక్‌గా ఉంది" అని కామెంట్లు.

అది ఆర్టు కాదు, ఫోకస్ తప్పింది. ఆ మాట అనడానికి మొహమాటం దేనికి?

మన షోలాపూర్ పూర్వభాగంలో పెద్దవాళ్ళ జీవితమే వెలుగుకు అడ్డంగా గడిచింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని వెలుతురు కోసం వాకిలి పట్టున కూర్చుంటారు. కార్ఖానాలో మరమగ్గం నడిపేవాళ్ళ వెనక కిటికీ ఉంటుంది. ఇంటి లోపలి నుంచి ఎవరు ఫోటో తీసినా వెలుగు ఎదురుగానే వస్తుంది. "అయితే బయట ఎండలో నిలబెట్టి తీయండి" అని కొందరు పెద్దలు అంటున్నారు. తీయొచ్చు. మిట్ట ఎండ మొహాన పడితే కళ్ళు చికిలిస్తారు, చేతిలో చాట ఉండదు, పక్కన మగ్గం ఉండదు. పెళ్ళికి పిలిస్తే వచ్చినట్టు బిగుసుకుని నిలబడతారు. ఆ ఫోటో ఆధార్ కార్డుకు పనికొస్తుంది. మనకు కావలసింది వాళ్ళ చోట వాళ్ళు.

కాబట్టి వెలుగు వెనకే ఉండనివ్వండి, ఫోకస్ మాత్రం సరిగ్గా పట్టండి. అదేమీ బ్రహ్మవిద్య కాదు.

ఎదురు వెలుగులో కెమెరా ఎందుకు తడబడుతుందో ముందు తెలియాలి. కెమెరా ఆటోఫోకస్‌కు వెలుగు నీడల మధ్య తేడా కావాలి. నీడలో ఉన్న మొహం మీద ఆ తేడా తక్కువ. జుట్టు అంచున, తలుపు చట్రం దగ్గర బోలెడు ఉంటుంది. కెమెరా అక్కడికే పరుగెత్తుతుంది. మగ్గం దగ్గరైతే ఇంకో చిక్కు: మనిషికీ మనకూ మధ్య పడుగు పోగులు ఉంటే వాటినే పట్టుకుంటుంది. పైగా కార్ఖానాలో గాలినిండా నూలు దుమ్ము. ఎదురు వెలుగులో ఆ దుమ్మంతా మెరిసి మొహం ముందు తెర కట్టినట్టవుతుంది. లెన్సు మీద వేలిముద్ర ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఫోను జేబులోంచి తీసి పంచె అంచుతో అద్దం తుడవకుండానే సూర్యుడికి ఎదురుగా పెట్టి, తర్వాత కంపెనీని తిట్టేవాళ్ళు మనలో ఎంతమందో!

చేయవలసింది ఇంతే. ఫోకస్ పాయింటు ఎక్కడ పెట్టాలో కెమెరాకు వదలకండి. ఒక్క పాయింటు ఎంచుకుని దాన్ని మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. ఫోనులోనైతే కంటి దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. తర్వాత వేలితో వెలుగు పెంచండి. వెనక తలుపు తెల్లగా పేలిపోతే పోనివ్వండి, మనం తీసేది తలుపును కాదు. లెన్సు మీద నేరుగా ఎండ పడకుండా అరచేయి అడ్డం పెట్టండి. లేదా ఒక అడుగు జరిగి సూర్యుడు వాళ్ళ తల వెనక దాక్కునేలా చూసుకోండి. చవక ఫిల్టర్ ఉంటే ఊడదీయండి.

ఇక మొహం మీదికి కాస్త వెలుగు తిప్పాలి. దానికి రిఫ్లెక్టర్ కొనాలని ఒక కుర్రాడు సంఘం ఖాతాలో ఖర్చు రాయబోయాడు. టవళ్ళు నేసే ఊళ్ళో వెలుగు తిప్పడానికి గుడ్డ కొనాలా? తెల్ల టవల్ ఒకటి కెమెరా పక్కన విప్పి పట్టుకుంటే చాలు. మొహం మీది ముడతలు కనబడతాయి, కెమెరాకూ పట్టు దొరుకుతుంది.

పెద్ద లెన్సులున్న కుర్రాళ్ళతో ప్రత్యేకంగా ఒక మాట. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 85 ఎంఎం లెన్సు 1.8 దగ్గర తెరిచి రెండు మీటర్ల నుంచి తీస్తే, స్ఫుటంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. కంటి మీద ఫోకస్ పట్టాక మీరు కాస్త ముందుకు ఊగినా, అవ్వ తునికాకు అందుకోవడానికి వంగినా కన్ను పోయి చెవి వస్తుంది. 4 దగ్గర పెడితే లోతు 13 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వెనక అంతా కరిగిపోవాలన్న మోజు ఎందుకు? వెనక ఉన్నది ఆమె ఇల్లు. కార్ఖానాలో మగ్గాలు నడుస్తుంటే నేలే అదురుతుంది. ట్రైపాడ్ ఉందని ధీమా పడకుండా వేగం 1/250 దాకా పెంచండి.

అసలు మాకు కడుపు మండిన సంగతి వేరే ఉంది. మసకగా వచ్చిన ఒక ఫోటోను స్టూడియోకిస్తే ఏఐతో "షార్ప్" చేసి పంపారు. కళ్ళు తళతళలాడుతున్నాయి, రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చూసిన ఇంటివాళ్ళు "ఇది మా అత్త కాదు" అన్నారు. ఎలా అవుతుంది? ఫోటోలో లేని కన్నును యంత్రం ఎక్కణ్ణించి తెస్తుంది? ఊహించి గీస్తుంది. మామూలు షార్పెనింగ్ అంచులను గట్టిపరుస్తుందే తప్ప పోయిన ఫోకస్‌ను తిరిగి తేలేదు.

"ఇంత రాద్ధాంతం దేనికి, కింద పేరు రాస్తాం కదా" అన్నారు కమిటీలో ఒకరు. పేరు ఏ లిపిలో రాస్తారు? మనం తెలంగాణ నుంచి వచ్చి నాలుగైదు తరాలైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మన మనవళ్ళలో ఎంతమంది తెలుగు అక్షరాలు చదవగలరు? సంచికలో మనం రాసే వ్యాసాలు వాళ్ళు చదవరు. ముత్తవ్వ మొహం మాత్రం చూస్తారు. "నా ముక్కు ఈమెదే" అనుకుంటారు. ఆ ఒక్కటీ మసకగా ఇస్తామా?

అందుకని ఈసారి సంచికకు ఫోటో పంపేముందు కంటి దగ్గర పెద్దది చేసి చూడండి. రెప్పలు విడిగా కనబడకపోతే పంపకండి, మళ్ళీ తీయండి. ఇప్పటికి మా దగ్గర అలాంటివి పదకొండు ఉన్నాయి. ఆ పదకొండు మందీ మన అదృష్టం కొద్దీ బతికే ఉన్నారు. ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే ఆ ఇళ్ళకు వెళ్తున్నాం. కెమెరాలు చాలానే ఉన్నాయి, టవల్ పట్టుకుని నిలబడే ఓపిక ఉన్నవాళ్ళు ఇద్దరు కావాలి.