అది ఒక్క పువ్వు కాదు

గడ్డి చామంతి మీకు తెలియని మొక్కేమీ కాదు. పలక తుడవడానికి దాని ఆకు వాడేవారు కనుక పలకాకు అనీ, తెగిన చోట ఆకు పసరు పిండేవారు కనుక గాయపాకు అనీ పేర్లు. కాడ పట్టుకుని తల ఎగరగొట్టే పిల్లలకు అది రావణాసురుడి తలకాయ! శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. ఈ ప్రజాతిలో సుమారు 30 జాతులున్నాయి. వాటిలో చాలావాటి స్వస్థలం మెక్సికో. మన దారుల పక్కన పెరిగేది మాత్రం ఇదొక్కటే.

ఇంత పరిచయం ఉన్నా, దాని పువ్వుకు రేకులెన్ని అని అడిగితే మనలో చాలామంది ఐదు అనేస్తాం. నేను ఎనిమిదో తరగతిలో ఐదు రేకులు గీసి, మధ్యనున్న పసుపు చుక్కలకు 'కేసరాలు' అని పేరు పెట్టాను. మాస్టారు ఎర్రసిరాతో టిక్కు కూడా కొట్టారు.

నిజానికి వాటిలో ఒక్కటీ రేకు కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క పువ్వు. గుండుసూదితో ఒకదాన్ని మెల్లగా ఊడదీయండి. కొసన రెండు మూడు పళ్లు, అడుగున అండాశయం, పైన రెండుగా చీలిన కీలాగ్రం కనిపిస్తాయి. కేసరాలుండవు, అది ఆడపువ్వు. మధ్యనున్న పసుపు దిండును చీల్చితే బోలెడు గొట్టపు పువ్వులు. వీటిలో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. ఐదు పరాగకోశాలు అంచులు కలిసి గొట్టంలా ఏర్పడతాయి. కీలం ఆ గొట్టంలోంచి పెరుగుతూ, పిచికారీలో కాడ నీటిని నెట్టినట్టు పుప్పొడిని పైకి నెడుతుంది. నన్నడిగితే ఈ ఏర్పాటు ముందు మందారం వెలవెలబోతుంది! రక్షక పత్రాల స్థానంలో ఈకల్లాంటి వెంట్రుకలుంటాయి. అదే కేశగుచ్ఛం. కాయ ముదిరాక దాన్ని గాలిలో తేల్చేది ఇదే.

బడిలో పుష్ప భాగాలు చెప్పడానికి మందారం ఇస్తారు. పెద్దది, కోయడం తేలిక, కాదనను. కాని అక్కడే ఆగిపోతే బంతి, చామంతి, పొద్దుతిరుగుడు అన్నీ పిల్లవాడికి ఒక్కొక్క పువ్వుగానే మిగిలిపోతాయి. మందారం తరువాతి పాఠం గడ్డి చామంతే కావాలని నా వాదన. పుష్పకాలు మరీ చిన్నవంటారా? చేతి భూతద్దం చాలు. మొక్కకు కానీ ఖర్చు లేదు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే ఆటస్థలంలో మొదట పీకించేది దీన్నే కదా!

మీరు తెంపిన తలకు అంచు పువ్వులు నాలుగో, ఆరో ఉండవచ్చు. పుస్తకంలో ఐదు ఉన్నాయని బొమ్మ దిద్దకండి. నాలుగుంటే నాలుగే గీయండి.