అటక ఖాళీ చేసే ముందు ఒక్క నిమిషం

ఇన్‌స్టాలో ఈ మధ్య ఒక రకం రీల్స్ తెగ తిరుగుతున్నాయి, చూసే ఉంటారు. ఫ్రాన్స్‌లో ఏదో చిన్న ఊరు. రాళ్లు పరిచిన వీధిలో బల్లలు వేసి, వాటి మీద పాత రాగి గిన్నెలు, తుప్పు తాళాలు, లేసు గుడ్డలు పెట్టి ఉంటారు. ఒకమ్మాయి బుట్ట పట్టుకుని బేరాలాడుతూ ఉంటుంది. పది యూరోలకి ఏం కొన్నానో చూడండి అని కింద క్యాప్షన్. ఆ ట్రిప్ నా బకెట్ లిస్ట్‌లో కూడా ఉంది, దాచడం ఎందుకు.

ఆ వీధి సంతని అక్కడ ‘వీద్ గ్రెనియే’ అంటారు. మాటకి మాట తెలుగులో చెప్తే ‘అటక ఖాళీ’. ఊళ్లోవాళ్లు తమ అటకల మీద ఉన్న సామానంతా దింపి ఒక ఆదివారం వీధిలో పెట్టి అమ్ముకుంటారు. మామూలు కుటుంబాలు ఏడాదికి రెండుసార్లకి మించి ఇలా అమ్మకూడదని అక్కడ రూలు. ఎందుకంటే అంతకు మించితే అది వ్యాపారమే. వ్యాపారులకి వేరే బజార్లు ఉన్నాయి. పారిస్ అంచున సెంతువాన్‌లో పాత వస్తువుల బజారుంది, ప్రపంచంలోనే పేరున్నది. దక్షిణాన కాలవల మధ్య ఉండే లీల్ సుర్ లా సోర్గ్ అనే ఊరు మొత్తం పాత సామాన్ల కొట్లే. ఉత్తరాన లీల్ నగరంలో సెప్టెంబర్ మొదటి వారాంతంలో జరిగే సంత మన తీర్థాల్లాంటిదే, కాలు పెట్టడానికి చోటుండదు.

ఆ బజార్లలో ఒక మాట వినిపిస్తుంది. రంగు వెయ్యకుండా, పాలిష్ పెట్టకుండా, వాడిన మరకలతో ఉన్నదున్నట్టు దొరికిన వస్తువుని ‘దాన్ సోన్ జ్యూ’ అంటారు. అంటే ‘దాని రసంలోనే ఉంది’ అని. మనం పాత ఆవకాయ జాడీ గురించి ఇలా అంటే సరిగ్గా సరిపోతుంది.

సరే, ఐ.పోలవరంలో కూర్చుని ఈ ఫ్రాన్స్ గోలంతా ఎందుకు అంటారా? కారణం ఉంది. ఆ దేశం మనకి అంత దూరమేమీ కాదు.

ముందు బట్ట సంగతి చెప్తాను. ఫ్రాన్స్‌లో ముల్హూజ్ అనే ఊళ్లో అచ్చు బట్టల మ్యూజియం ఉంది. పారిస్ దగ్గర జూయి అనే ఊళ్లో ఇంకొకటి ఉంది. ఇంటీరియర్ డిజైన్ వీడియోలు చూసేవాళ్లకి ‘త్వాల్ ద జూయి’ తెలిసే ఉంటుంది. తెల్ల బట్ట మీద ఒకే రంగులో చెట్లు, గొర్రెలు, పల్లెటూరి అమ్మాయిలు ఉంటారే, అదే. ఆ జూయి ఫ్యాక్టరీని ఒబెర్‌కాంఫ్ అనే ఆయన 1760లో పెట్టాడు. సరిగ్గా 1760లోనే ఎందుకంటే, అంతకు ముందు ఏడాది దాకా రంగులద్దిన నూలుబట్ట మీద ఫ్రాన్స్‌లో నిషేధం ఉంది. 1686 నుంచి 1759 వరకు, డెబ్బై మూడేళ్లు. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన మన కలంకారీ బట్టలకి అక్కడి జనం అలా ఎగబడ్డారు మరి. మా నోట్లో మట్టి కొడుతున్నారని అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు మొత్తుకుంటే రాజు దిగుమతిని, అద్దకాన్ని కూడా ఆపేశాడు. ఆపినా దొంగతనంగా కొంటూనే ఉన్నారు.

ఉతికినా పోని ఆ రంగు రహస్యం వాళ్లకి చాన్నాళ్లు అంతుపట్టలేదు. కర్దూ అనే ఫ్రెంచి పాదిరీ 1742లో మన వాళ్ల అద్దకం పద్ధతిని, ఏ దశ తర్వాత ఏ దశో, ఉత్తరం రాసి పంపాడు. కరక్కాయ, పటిక, చిరివేరు, ఎండ, నీళ్లు, ఇవే ఆ రహస్యం. అదే కర్దూ తెలుగు కూడా నేర్చుకున్నాడు. అంటే ఇవాళ మనం ఫ్రెంచి స్టైల్ అని సేవ్ చేసుకునే కర్టెన్ వెనకాల మన కోస్తా వాళ్ల చేతి పని ఉంది. ఇంకో ముచ్చట. ఫ్రెంచి డిక్షనరీలో ‘మడపొలాం’ అని ఒక నూలుబట్ట పేరుంటుంది. అది నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం. వశిష్ఠ దాటితే వచ్చే ఊరు.

ఆ బట్ట కోసమే ఫ్రెంచి వాళ్లు మన పక్కనే దిగారు. ఐ.పోలవరం నుంచి మురమళ్ల మీదుగా ఎదుర్లంక వెళ్లి, బాలయోగి గారి వంతెన ఎక్కి గౌతమి దాటితే యానాం. బైకు మీద ఎంతసేపని! యానాం అనగానే మన కుర్రాళ్లలో సగం మందికి గుర్తొచ్చేది ఏంటో నాకు తెలుసు. ఆ సీసాల సంగతి ఇవాళ వదిలేద్దాం. 1723లో ఫ్రెంచి కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది. దాని పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు వాళ్ల కోఠీ. ఇద్దరికీ కావాల్సింది ఒకటే, గోదావరి పాయల మధ్య నేసిన సన్న నూలుబట్ట.

యానాంలో ఫ్రెంచి జెండా 1954 దాకా ఎగిరింది. అంటే మన తాతల కాలంలో ఎదుర్లంక రేవులో పడవెక్కి అవతలి ఒడ్డున దిగితే అది ఇంకో దేశం. చట్టాలు కూడా వేరే. ఇటు బ్రిటిష్ వాళ్లు 1929లో శారదా చట్టం తెచ్చి బాల్యవివాహాలు ఆపితే, జనం పిల్లల్ని తీసుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చారు. చరిత్ర ఉన్న ఊరంటే ఇలాంటివి కూడా ఉంటాయి, అందమైన కిటికీలు మాత్రమే ఉండవు.

వెళ్తే సెయింట్ ఆన్స్ చర్చి చూడండి, 1846 నాటిది. గోదారి గట్టున ఈఫిల్ టవర్‌ని తలపించే కొత్త టవర్ దగ్గర ఎలాగూ సెల్ఫీలు దిగుతారు. దిగండి, తప్పేం లేదు. కానీ ఆ తర్వాత పాత వీధుల్లో ఒక రౌండ్ నడవండి. ఎక్కడైనా పాత గోడ, పొడుగాటి కిటికీ, మందపాటి స్తంభం కనిపిస్తే కాసేపు ఆగండి. పక్కన కొత్త బిల్డింగుల మధ్య అవి ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టండి.

ఇప్పుడు రెండు తేదీలు చెప్తాను. 1962 ఆగస్టు 4న ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో పేరుతో దాన్ని మల్రో చట్టం అంటారు. అప్పటిదాకా ఒక కోటనో ఒక చర్చినో విడిగా కాపాడేవారు. ఈ చట్టం వచ్చాక పాత పేటలకి పేటల్నే కాపాడటం మొదలైంది. పారిస్‌లో మారే అనే పేట అప్పటికి శిథిలావస్థలో ఉంది, పడగొట్టేద్దామనే ఆలోచనలు కూడా సాగాయి. ఇవాళ టూరిస్టులు రీల్స్ తీసుకునేది అక్కడే. అక్కడ పాత ఇంటిని పద్ధతిగా బాగు చేయించుకునే ఓనరుకి ఇప్పుడు పన్ను రాయితీ కూడా ఉంది. ఇక రెండో తేదీ 1962 ఆగస్టు 16. యానాంతో సహా తన ఊళ్లని ఫ్రాన్స్ చట్టప్రకారం మనకి అప్పగించిన రోజు. మధ్యలో పన్నెండు రోజులే తేడా. ఊరు మనకి వచ్చింది, ఆ చట్టంలోని బుద్ధి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇక వంతెనకి ఇటువైపు మన సంగతి. కోనసీమలో మండువా లోగిళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. నాలుగు వైపులా పెంకు వాలు, మధ్యలో ఆకాశం, చుట్టూ టేకు స్తంభాలు, వీధి వైపు అరుగులు. 1996 నవంబర్ తుఫానుని తట్టుకున్నవి కూడా ఉన్నాయి. ఇప్పుడు అవి తుఫాను లేకుండానే పోతున్నాయి.

మా పెద్దమ్మ వాళ్లది ఐ.పోలవరం మండలంలోనే అలాంటి ఇల్లు. మొన్న నేనున్నప్పుడే పాత కర్ర కొనే ఆయన వచ్చాడు. చెప్పులు విడిచి, మర్యాదగానే లోపలికొచ్చి స్తంభం మీద గోటితో గీరి చూశాడు.

“సింహద్వారం, తలుపులు, స్తంభాలు కలిపి ఒకటే రేటు చెప్పెయ్యండమ్మగారూ. దూలాలు మాత్రం అడుగుల్లెక్కండి” అన్నాడు.

“స్తంభాలు తీసేస్తే ఇల్లు నిలబడద్దేంటయ్యా?” అంది పెద్దమ్మ.

“పడగొట్టే ఖర్చు కూడా మాదేనండి, ఆయ్” అన్నాడాయన.

ఆయన తప్పేం లేదు, ఆయన వ్యాపారం అది. పెద్దమ్మకి కూడా ఇల్లంటే ప్రేమ లేక కాదు. ఒక కొడుకు హైదరాబాద్‌లో, ఇంకో కొడుకు డల్లాస్‌లో. వానాకాలం వస్తే పెంకు సర్దే మనిషి దొరకడు. డెబ్బై దాటిన మనిషి ఒక్కతే అంత ఇల్లు ఊడ్చుకోవాలి. “మీకందరికీ ఫొటోలకి బావుంటదే అమ్మా, చెద నాకు కనిపిస్తది” అంది నాతో. దానికి నా దగ్గర జవాబు లేదు. డల్లాస్ అన్నయ్య ఫోన్‌లో ఆ సింహద్వారం ఒక్కటీ తనకి పంపించమంటున్నాడు, అక్కడ హాల్లో గోడకి పెట్టుకుంటాడట. వందేళ్లు దాటిన పాత కళాఖండాల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు, 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. ఇది ఆ కోవలోకి రాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. చెప్తే నవ్వాడు, “మన ఇంటి తలుపుకి కూడానా!” అని.

అందుకే నాకు వెర్సాయ్ గుర్తొస్తుంది. విప్లవం తర్వాత 1793 ఆగస్టులో ఆ రాజభవనంలో సామాను వేలం మొదలుపెట్టారు. మంచాలు, కుర్చీలు, బీరువాలు, అద్దాలు అన్నీ కలిపి 17 వేలకు పైగా లాట్లు. దాదాపు ఏడాదిలో అమ్మేశారు. ఆ తర్వాత వాళ్లకే మనసు మారింది. అప్పుడు వెళ్లిపోయిన వస్తువు ఎక్కడైనా వేలానికొస్తే వెర్సాయ్ వాళ్లు కొనుక్కుని మళ్లీ దాని గదిలో పెడుతున్నారు. ఆ పని ఇప్పటికీ సాగుతోంది. వాళ్లకి అది ఎలా వీలవుతోందంటే, ఏ గదిలో ఏముందో రాసిపెట్టిన పాత జాబితాలు ఉన్నాయి. మన ఇళ్లకి ఆ జాబితా కూడా లేదు.

ఇల్లు ఉంచాలా, అమ్మాలా అనేది పెద్దవాళ్లు, వాళ్ల మోకాళ్లు, వాళ్ల డబ్బులు తేల్చే విషయం. ఊరి నుంచి దూరంగా ఉండి “అమ్మొద్దు” అనడం సులువు. కానీ జాబితా మన చేతిలో పని. ఫోన్ ఉంటే చాలు.

మొదట వీధి అరుగు నుంచి పెరటి తలుపు దాకా ఆగకుండా ఒక వీడియో తియ్యండి. తర్వాత టేపు పట్టుకుని మండువా, గదులు, స్తంభం ఎత్తు కొలిచి ఒక కాగితం మీద ప్లాను గియ్యండి. ప్రతి పెద్ద వస్తువుకీ, అంటే భోషాణం, పందిరి మంచం, ఉయ్యాల బల్ల, గంగాళం, వీటన్నిటికీ ఉన్న చోటే ఫొటో తియ్యండి. తుడిచి, సర్ది తియ్యకండి, దాని రసంలోనే ఉండనివ్వండి. ఆఖరికి పెద్దవాళ్ల పక్కన కూర్చుని వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఇది ఎవరు చేశారు, ఎవరి పెళ్లికి వచ్చింది, ఈ గదిలో ఎవరు పుట్టారు అని అడగండి. రెండు గంటల పని. ఒకవేళ అమ్మాల్సి వచ్చినా, అమ్మేది ఏంటో తెలిసి అమ్ముతారు. రేటు కూడా తెలివిగా అడుగుతారు.

ఫ్రాన్స్‌లో 1984 నుంచి ఏటా సెప్టెంబర్ మూడో వారాంతంలో పాత కట్టడాల తలుపులు జనానికి తెరుస్తారు. సొంత ఇళ్లు చూపించే ఓనర్లు కూడా ఉన్నారు. మనకి ఆ తేదీ కొత్తగా పెట్టక్కర్లేదు, సంక్రాంతి ఉంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎక్కడెక్కడి కోనసీమ వాళ్లూ దిగుతారు. ఆ మూడు రోజుల్లో ఒక పూట ఊళ్లో రెండు మూడు పాత లోగిళ్లు చుట్టాలకీ స్నేహితులకీ చూపిస్తే చాలు, అరుగు మీద కాఫీ ఇస్తే ఇంకా బావుంటుంది. నేను పెద్దమ్మని అడిగాను. “చూద్దాంలే, ముందు ఆ పెంకు సర్దేవాణ్ణి పట్టుకురా” అంది. ఆ వేటలోనే ఉన్నాను.

ఈలోపు మీకు ఒక చిన్న పని. భోగి నాడు తెల్లవారుజామున మంటలో వెయ్యడానికి పాత కర్ర వెతుకుతారు కదా, విరిగిన కుర్చీ, పాత తలుపు రెక్క, ఎవరికీ అక్కర్లేని పెట్టె. అది మోసుకొచ్చేటప్పుడు ఫోన్ టార్చి వేసి ఒకసారి తిప్పి చూడండి. వెనకాల పేరో, ఏడాదో, పువ్వో చెక్కి ఉంటే దాన్ని పక్కన పెట్టి పిడకలు ఇంకో నాలుగు ఎక్కువ వెయ్యండి.