చలికాలపు తీరిక

ఈ మధ్య మా విద్యార్థినులు కొందరు నాకు "నిదానంగా బ్రతకడం" అనే కొత్త ధర్మాన్ని ఉపదేశిస్తున్నారు. ఇది డెన్మార్కు సరుకట. అక్కడివారికి 'హ్యూగ' అని ఒక మాట ఉన్నది. చలికాలపు సాయంత్రం తలుపులు మూసుకుని, కొవ్వొత్తులు వెలిగించుకుని, అయినవాళ్ళ మధ్య వెచ్చగా, తొందర లేకుండా కూర్చోవడం దాని తాత్పర్యం. 2016 ప్రాంతంలో ఇంగ్లీషులో ఈ మాట మీద పుస్తకాలు వరసగా వచ్చాయి. అక్కడినుంచి మన పిల్లల చేతి ఫోనుల్లోకి దిగింది. బాగానే ఉన్నది. కోపెన్‌హాగన్‌లో డిసెంబరు చివర పగలు 7 గంటలే. మధ్యాహ్నం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. దీపం పెట్టుకు కూర్చోక పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

మన సంగతి వేరు. మా మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది కనుక ఇక్కడి చలి కాస్త గట్టిదే. అయినా మా అతి చిన్న పగలు కూడా 11 గంటలకు తక్కువ కాదు. చలి మమ్మల్ని పట్టుకునేది సాయంకాలం కాదు, తెల్లవారుజామున. రాత్రంతా నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి, పొద్దుపొడుపు వేళకు పూర్తిగా చల్లబడుతుంది. అందుకే కాబోలు మన చలికాలపు ముచ్చటలన్నీ కోడికూతతోనే మొదలవుతాయి. డిసెంబరు 16 ప్రాంతాన ధనుర్మాసం పట్టింది మొదలు భోగి దాకా తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. ఊళ్ళలో గుడి పొంగలి, వాకిట ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మ, గొబ్బెమ్మ తల మీద గుమ్మడిపువ్వు.

చెప్పుకోవడానికి ఎంత హాయిగా ఉన్నది! కాని ఆ వాకిట్లో కళ్ళాపి చల్లినది ఎవరండీ?

మా అత్తగారికి డెబ్బై ఆరేళ్ళు. ఈ నెల రోజులూ నాలుగింటికే లేచి, చన్నీళ్ళలో చేతులు పెట్టి, నడుము వంచి ముగ్గు వేస్తారు. "ఎండ వచ్చినాక వేసుకోవచ్చు గదా అత్తా" అంటే, "ఎండెక్కినాక పెట్టేది ముగ్గెట్లయితాదే?" అంటారు. నేను ఈలోగా నీళ్ళు కాచి, వంట ముగించి, తొమ్మిదిన్నర క్లాసుకు పాఠం చూసుకోవాలి. ఆరున్నరకు మావారు శాలువా కప్పుకుని వరండాలోకి వచ్చి, కాఫీ ఆవిరిలో ముఖం పెట్టి, "చలికాలమంటే ఇదేనోయ్" అంటారు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆయన నిదానానికి మేమిద్దరం రెండున్నర గంటలుగా పరుగెత్తుతున్నామన్నది మాత్రం ఆయన ఎరుగరు.

ఈ ఎరగకపోవడం ఇవాళ్టిది కాదు. హాలుడి పేరు మీద ఉన్న ప్రాకృత గాథాసప్తశతిలో ఒక గాథ ఉన్నది. మాఘమాసపు చలిలో ఒక పల్లెటూరి కాపు తన దుప్పటి అమ్మేసి ఎద్దును కొంటాడు. పొగలేని ఊకనిప్పు వంటి భార్య ఇంట ఉండగా దుప్పటి ఎందుకని అతని ధీమా. ఇది చెప్పినప్పుడల్లా మగపిల్లలు ముసిముసిగా నవ్వుతారు. కిందటేడు వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "ఆమెకు దుప్పటి ఉందా మేడమ్?" అని అడిగింది. క్లాసు గప్‌చిప్‌. గాథ మళ్ళీ చదివి చూశాను. ఆ సంగతి అందులో లేదు.

మా ప్రాంతంలో మటుకు అందరి చేతులూ పడే చలికాలపు పని ఒకటి ఉన్నది. అది పితికిపప్పు. అనపకాయలతో చేస్తారు. కోస్తావారు సొరకాయ అనుకునేరు. మా అనపకాయ చిక్కుడు జాతిది. మంచు పడితేగాని దానికి కమ్మదనం రాదంటారు. కాయలు ఒలిచి, గింజలు రాత్రి నానబోసి, మర్నాడు ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాలి. తోలు చేతిలో మిగిలి, పప్పు చెంగున దూకుతుంది. ధనియాలు, కొబ్బరి, కాస్త చెక్కా లవంగమూ నూరి వేసి ఉడికిస్తే రాగిసంగటికి అంతకు మించిన జోడు లేదు. కాని ఈ పనిని తొందరపెట్టలేం. గింజ గింజకూ ఒక నొక్కు. పెద్ద చదువులకూ దీనికీ సంబంధం లేదు. వరండాలో కుంపటి రాజేసుకుని (మూసిన గదిలో మాత్రం వద్దు సుమా, బొగ్గుల విషవాయువుకు వాసన ఉండదు) నలుగురూ చుట్టూ కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. మా అత్తగారి పెళ్ళినాటి సంగతులు నేను విన్నది ఈ గింజల దగ్గరే.

ఇప్పుడు సంతలో పితికిన పప్పే అమ్ముతున్నారు. మావారు అదే తెస్తామన్నారు. ఆ పప్పు పితికిన చేతులు కూడా ఏ ఆడవాళ్ళవో అయివుంటాయి, ఆ కూలి ఎంతో! వద్దన్నాను. మొన్న ఆదివారం కాయలే తెచ్చారు. అత్తగారి వేళ్ళ కణుపులు ఈ ఏడు వాచాయి కనుక ఆమెకు కబుర్లు చెప్పే పని మాత్రమే అప్పగించి, ఆమె గిన్నె మావారి ముందు పెట్టాను. గంట గడిచినా దాని అడుగు నిండలేదు. పైగా రెండు గింజలు వెళ్ళి కుంపట్లో పడ్డాయి.

ముగ్గు విషయం ఇంకా తెగలేదు. కళ్ళాపి చల్లడానికి మా అబ్బాయి ఒప్పుకున్నాడు గాని, ఆరింటికి ముందు లేవడట. అయిదుకన్నా ఒక్క నిమిషం దాటడానికి అత్తగారు ఒప్పుకోవడం లేదు.