కర్ర చిరుతకి కాదు, మోకాలికి

మనవాళ్ళ దృష్టిలో చేతిలో కర్ర ఉందంటే మూడే అర్థాలు. ఒకటి, వయసు మీద పడింది. రెండు, గేదెల్ని తోలుకెళ్తున్నారు. మూడు, ఎవరితోనో గొడవకి బయల్దేరారు. ఈ మూడూ కాకుండా ఓ పాతికేళ్ళ కుర్రాడు రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని కొండ ఎక్కుతుంటే, "ఫోటోల కోసం వేషాలు" అనేస్తారు. హైదరాబాదు, బెంగుళూరుల నుంచి శని ఆదివారాలు ట్రెక్కింగుకి పోయే మా సాఫ్ట్‌వేర్ జనాభాలో కొందరికి అది నిజంగా వేషమే, కాదనను. కానీ ఆ కర్ర అసలు అవసరమైనవాళ్ళు మేం కాదు. మెట్లదారిలో దేవుడి కొండ ఎక్కి దిగే మన అమ్మానాన్నలు. వాళ్ళ చేతుల్లో మాత్రం అది ఎక్కడా కనపడదు. నా గొడవంతా ఇదే.

మాది దుగ్గిరాల. పసుపు యార్డు, లాకులు, కాలవలు, వాటి వెంట పొలాలు.. నేల బల్లపరుపు. మా ఊళ్ళో ఎత్తు ఎక్కాలంటే రైల్వే స్టేషన్లో వంతెన ఎక్కాలి :-) మాకు దగ్గర్లో చెప్పుకోదగ్గ కొండ అంటే మంగళగిరే. అలాంటి ఊరివాడు ట్రెక్కింగ్ పోల్స్ గురించి లెక్చరివ్వడమేంటని మీకు అనిపించవచ్చు. అయితే కర్ర సంగతి మా వైపు రైతులకి ఎవరూ నేర్పక్కర్లేదు. వాన పడ్డాక నల్లరేగడి గట్టు మీద నడిచి చూడండి, కర్ర ఎందుకో అర్థమవుతుంది. రాత్రిపూట నీళ్ళు పెట్టడానికి పోయేవాళ్ళకి ఒక చేతిలో టార్చిలైటు, రెండో చేతిలో కర్ర. పాము కోసం ఒకటి, కాలు జారకుండా రెండు. ఎద్దుల కాలంలో ముల్లుకర్ర ఉండేది, చివర ఇనప ముల్లుతో. ట్రెక్కింగ్ పోల్ కింద ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ మొన చూసి మా బాబాయి అన్నమాట, "ఏందిరా ఇది, ముల్లుకర్రకి కోటు తొడిగారా?" అని. అంతే మరి. మడత పెట్టుకునే, పొడవు మార్చుకునే చేతికర్ర. కొత్త విద్యేం కాదు, పాత విద్యకి కొత్త లోహం.

ఇక 2023 సంగతికి వస్తాను. ఆ ఏడాది ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఒక చిన్నపాపని చిరుత చంపేసింది. ఎవరి మనసైనా కలుక్కుమనే విషయం. ఆ తర్వాత టీటీడీ తీసుకున్న నిర్ణయాల్లో ఒకటి, నడిచి వెళ్ళే భక్తులకి చేతికర్రలు ఇవ్వడం. సెప్టెంబరులో పంపిణీ మొదలైంది. దాని మీద వచ్చిన వెటకారం అంతా ఇంతా కాదు. "చిరుతతో కర్రసాము చెయ్యమంటారా?" అని జోకులు, కార్టూన్లు. చిరుత విషయంలో ఆ వెటకారానికి కొంత న్యాయం ఉంది. కర్ర చేతిలో ఉంటే ధైర్యం వస్తుందేమో గానీ, అది కంచెకీ కాపలాకీ బదులు కాదు. పిల్లల్ని మధ్యలో నడిపించుకుంటూ గుంపుగా పోవడానికీ బదులు కాదు.

కానీ ఆ వెటకారంలో ఒక మంచి ఆలోచన కొట్టుకుపోయింది. నడకదారి భక్తుడి చేతికి కర్ర ఇవ్వాలన్న ఆలోచన సరైనదే, చెప్పిన కారణమే వేరు. కర్ర చిరుతకి కాదు, మోకాలికి.

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2,388, దూరం తక్కువ, నిట్టూర్పులు ఎక్కువ. అలిపిరి దారిలో బాగా నిటారుగా ఉండే చోటుకి మనవాళ్ళు పెట్టిన పేరే మోకాళ్ళ పర్వతం. రామానుజులవారు ఆ పవిత్రమైన కొండకి పాదం తగలకూడదని మోకాళ్ళ మీద ఎక్కారని కథ. ఆ కథ పక్కన పెట్టినా, అక్కడ అందరికీ ముందు గుర్తొచ్చేది మోకాళ్ళే.

ఎక్కేటప్పుడు కష్టపడేది గుండె, ఊపిరితిత్తులు. ఆయాసం వస్తే మనమే ఆగుతాం, కూర్చుంటాం, మజ్జిగ తాగుతాం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి ఎవరం ఆగం. దెబ్బ తగిలేది అక్కడే. మెట్టు దిగేటప్పుడు మోకాలి కీలు మీద మన బరువుకి మూడింతలు పైగా ఒత్తిడి పడుతుంది. తొడ కండరం సాగుతూనే బరువుని ఆపుతూ ఉండాలి, బ్రేకు మీద కాలేసి లారీని ఘాట్ దింపినట్టు. మర్నాడు బాత్రూంకి పోవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చేది అందుకే.

ఇక్కడ కర్ర ఏం చేస్తుంది? 1999లో ష్వామెడర్ అనే ఆయన, ఇంకొందరు కలిసి దీన్ని కొలిచారు. 25 డిగ్రీల వాలు మీద కర్రలతో, కర్రలు లేకుండా మనుషుల్ని దింపి చూశారు. కర్రలతో దిగినప్పుడు మోకాలి మీద భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గింది. పాల్గొన్నది 8 మందే, చిన్న పరిశోధన. అయినా ఇంజనీరుగా నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. బరువు మోసే స్తంభాలు రెండు ఉన్నచోట నాలుగు అయితే ఒక్కోదాని మీద పడే భారం తగ్గుతుంది. ఒక్కో మెట్టుకి కర్రలు అయిదు కిలోలు తీసుకున్నాయనుకోండి. 3,550 మెట్లకి లెక్కేస్తే 17 టన్నుల పైనే. అయిదు కిలోలు అనేది నేను అనుకున్న అంకె, మీరు రెండు వేసుకోండి, అప్పుడైనా ఏడు టన్నులు. అంత బరువు మన అమ్మ మోకాళ్ళ నుంచి భుజాలకి మారుతుందన్నమాట.

ఊరికే రావు గదా, ఖర్చు ఉంది. చేతులు కూడా పని చేస్తాయి కాబట్టి ఎక్కేటప్పుడు గుండె కాస్త ఎక్కువే కొట్టుకుంటుంది. కర్రలు పట్టుకుంటే అలుపే రాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. అది కాళ్ళని కాపాడే వస్తువు, ఓపిక పెంచే వస్తువు కాదు.

సరే, కొన్నారనుకుందాం. సగంమంది వాడే పద్ధతి చూస్తే ఆ కర్రలు లేకపోయినా ఒకటే అనిపిస్తుంది. కాబట్టి నాలుగు ముక్కలు.

పొడవు ముందు చూసుకోవాలి. సమతలం మీద నిలబడి కర్ర నేలకి ఆనిస్తే మోచెయ్యి లంబకోణంలో ఉండాలి. సుమారు 170 సెంటీమీటర్ల మనిషికి 115 దగ్గర సరిపోతుంది. ఎక్కేటప్పుడు అయిదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. దిగేటప్పుడు పొట్టి కర్రతో ముందుకి వంగితే మేలు కన్నా కీడే ఎక్కువ.

తర్వాత పట్టీ. పైనుంచి చెయ్యి దూర్చేసి పిడిని గట్టిగా బిగించి పట్టుకుంటారు చాలామంది. అలా కాదు. పట్టీలోకి చెయ్యి కిందనుంచి పైకి పోనిచ్చి, పట్టీనీ పిడినీ కలిపి వదులుగా పట్టుకోవాలి. భారం మణికట్టు మీద పట్టీ మోస్తుంది, వేళ్ళు నొప్పెట్టవు. పడిపోయే ప్రమాదం ఉన్న చోట, రాళ్ళ మధ్య, మాత్రం పట్టీలోంచి చేతులు తీసెయ్యాలి. కర్ర ఇరుక్కుపోయి మనం పడితే బొటనవేలో మణికట్టో పోతుంది. చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన బండలు వస్తే కర్రలు మడిచి సంచీలో పెట్టెయ్యడమే.

దిగేటప్పుడు కర్రలు ముందు కింది మెట్టు మీద పెట్టి, తర్వాత కాలు దించాలి. కాలు పెట్టేశాక కర్ర పెడితే అది ఊరికే తాళం వేసినట్టు ఉంటుంది, భారం మాత్రం మోకాలిదే.

నాలుగోది, రబ్బరు టోపీ. ఇనప మొన మట్టికి. రాతి మెట్ల మీద, సిమెంటు మీద అది జర్రున జారుతుంది, టకటకమని చప్పుడు, పైగా రాయి గీసుకుపోతుంది. మన కొండదారులన్నీ గుడి దారులే కాబట్టి రబ్బరు టోపీ లేకుండా పోల్ తీసుకెళ్ళకూడదనేది నా అభిప్రాయం. జనం రద్దీగా ఉన్నప్పుడు ఒక్క కర్ర చాలు, రెండోది మడిచెయ్యండి. వెనకవాళ్ళ కాళ్ళ మీద పొడవకండి, చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తుంటారు.

ఏది కొనాలి? కార్బన్ ఫైబర్ తేలిక, చూడ్డానికి బాగుంటుంది. కానీ రాళ్ళ మధ్య ఇరుక్కుని పక్కకి విరిస్తే టప్‌మని విరిగిపోతుంది. అల్యూమినియం వంగుతుంది. వంగినదాంతో ఎలాగో కిందికి దిగొచ్చు, విరిగినదాంతో దిగలేం. అమ్మానాన్నలకైతే అల్యూమినియమే, అందులోనూ బయట మీట ఉండేది. తిప్పి బిగించే రకం బిగిసిందో లేదో కంటికి తెలీదు, చేతిలో బలం కావాలి. మామూలు రకాలు ఒక్కోటి వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. విమానంలో పోతే చేతిసంచీలో పెట్టకుండా లగేజీలో వెయ్యండి.

ఇప్పుడు సంరక్షణ. మనం ఇంట్లో కర్రకి నూనె పట్టిస్తాం, పగలకుండా. ఆ అలవాటుకొద్దీ దీనికి కూడా నూనె, గ్రీజు, డబ్ల్యూడీ-40 లాంటివి కొట్టేస్తుంటారు. కొంప మునుగుతుంది! ఈ కర్ర నిలబడేదే లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య ఉండే రాపిడి వల్ల. నూనె పడితే సరిగ్గా బరువు వేసిన క్షణానే లోపలికి జారిపోతుంది. దీనికి కావాల్సింది నూనె కాదు, ఆరబెట్టడం. ఇంటికి రాగానే ముక్కలన్నీ విడదీసి, తడిగుడ్డతో మట్టి తుడిచి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు దాచాలి. తడితోనే మడిచి అటక మీద పడేస్తే అల్యూమినియం లోపల తెల్లగా పొడి కట్టి, మళ్ళీ ఏడాది తీసేసరికి ఏ ముక్కా ఊడి రాదు. మా కోస్తా గాలికి ఇంకా తొందరగా.

గొట్టం మీద 'స్టాప్' అని గీత ఉంటుంది, దాన్ని దాటి బయటికి లాగకూడదు. మీట వదులైతే పక్కనున్న మరని కొద్దిగా బిగించాలి. బయల్దేరే ముందు ప్రతిసారీ కర్ర నిలబెట్టి, పిడి మీద ఒళ్ళు ఆన్చి, జారుతుందో లేదో చూడాలి. ప్రోగ్రాం రాసి టెస్ట్ చెయ్యకుండా క్లయింటుకి పంపం కదా, ఇదీ అంతే. రబ్బరు టోపీ అరిగి ఇనుము కనపడితే అది మార్చాలి, అంతేగానీ మొత్తం కర్ర పారెయ్యక్కర్లేదు.

ఇంత చెప్పినా మా ఇంట్లో వచ్చే మొదటి అభ్యంతరం ఖరీదు కాదు. "కర్ర పట్టుకుంటే అందరూ ఏమనుకుంటారు, అప్పుడే ముసలాళ్ళమయ్యామా" అని. రెండోది, "కష్టపడి ఎక్కితేనే మొక్కు". రెండోదాన్ని నేను కాదనలేను, భక్తి వాళ్ళది. కానీ మొక్కు ఎక్కడానికి. దిగడానికి ఎవరూ మొక్కుకోరు. మొదటిదానికి జవాబు మాత్రం మా తరం చేతిలో ఉంది. పాతికేళ్ళవాడు సిగ్గుపడకుండా పట్టుకుంటే అరవై ఏళ్ళ ఆయన కూడా పట్టుకుంటాడు. మా కుర్రాళ్ళ "వేషం" వల్ల ఉన్న ఒకే ఒక్క లాభం ఇదేనేమో.

దేవస్థానాలవాళ్ళకి కూడా ఒక మాట. 2023లో కర్రలు ఎక్కేవాళ్ళకి ఇచ్చారు. కావాల్సింది దిగేవాళ్ళకి కూడా. తిరుమలలో చాలామంది బస్సులో దిగిపోతారు నిజమే, కానీ మంగళగిరి లాంటి చోట మెట్లు ఎక్కినవాళ్ళు చాలావరకు మెట్లమీదే దిగుతారు. పైన పది రూపాయలు డిపాజిట్ తీసుకుని ఒక వెదురు కర్ర, దాని కింద మందుల షాపులో దొరికే రబ్బరు బుష్ బిగించి ఇవ్వండి. కింద కర్ర తీసుకుని పది వెనక్కి ఇచ్చెయ్యండి. చెప్పుల స్టాండు నడపగలిగిన వాళ్ళు కర్రల స్టాండు నడపలేరా?

అప్పటిదాకా మనమే చెయ్యాలి. ఈసారి పండక్కి అమ్మానాన్నలకి బట్టలతో పాటు ఒక జత కర్రలు కూడా పెట్టండి. పొడవు మీరే సరిచేసి, మీట మీరే బిగించి, పట్టీలోకి చెయ్యి ఎలా పెట్టాలో మీరే చూపించండి. తిడతారు. దిగొచ్చిన మర్నాడు పొద్దున గోడ పట్టుకోకుండా లేచి కాఫీ పెట్టుకున్నప్పుడు ఆ తిట్లు వాళ్ళే వెనక్కి తీసుకుంటారు.

మీరేమంటారు?