సిగ్గు ఎవరిది?

బెంగళూరున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఎవరికైనను మనోవ్యాధి కలిగినచో మొదట వినవచ్చు మాట "నలుగురేమనుకొందురు?" అనునదే. ఈ మాటను మేము ఖండించుచున్నాము.

తప్పు చేసితినను పశ్చాత్తాపము మేలు చేయును. క్షమాపణ కోరుటకో, నష్టము పూడ్చుటకో పురికొల్పును. నేనే చెడ్డవాడనను సిగ్గు మాత్రము మనిషిని మూలకు నెట్టి నోరు కట్టివేయును. మానసిక చికిత్సకులు ఈ రెంటిని విడదీయుదురు. జరిగినదానిలో తన పాలెంత, తన చేతిలో లేనిదెంత యని రోగిచేతనే లెక్క కట్టింతురు. ఇదే తప్పు నీ స్నేహితుడు చేసియుండినచో అతనితో ఏమందువని అడుగుదురు.

అక్కడ నెలల తరబడి విప్పిన ముడిని ఇంటివారు ఒక్క మాటతో మరల బిగించుచున్నారు: "వంశములో ఎవ్వరికిని లేని రోగము నీకే వచ్చెనా?" పెండ్లి సంబంధములు తప్పిపోవునని రోగిని దాచువారును కలరు.

ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా నెంచి, శిక్షింపక ఆదుకొనవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. చట్టమునకున్న దయ కన్నవారికి లేకపోవుట తగునా?

నిమ్హాన్స్ మన ఊరనే యున్నది. 2022లో ఆరంభమైన టెలి మానస్‌కు, 14416 సంఖ్యకు, రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చును. సిగ్గుపడవలసినది రోగి కాదు. రోగిని దాచు మనము.